ఎవరి తప్పో తేలక మూడు రోజులుగా ఇంట్లో మాటల్లేవు

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి. పేరు, ఆఫీసు పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. చాలా పొడుగు ఉత్తరం, కుదించి చెప్తున్నాను.

ఆవిడకి 34 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్, వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పని. భర్తదీ అదే రంగం, కాకపోతే నైట్ షిఫ్ట్. రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఇద్దరికీ కలిపి ఒకటే టేబుల్. దాని మీద ఎడమ పక్క 24 అంగుళాల మానిటర్, కుడి పక్క 27 అంగుళాలది, రెండింటికీ కలిపి ఒక డాకింగ్ స్టేషన్ (లాప్‌టాప్‌ని మానిటర్లకి కలిపే డబ్బా, పొట్టిగా డాక్). పగలు ఈవిడ తన విండోస్ 11 లాప్‌టాప్‌ని డాక్‌కి తగిలించి, మూత మూసి స్టాండ్‌లో నిలబెట్టేస్తారు. రాత్రి ఏడున్నర దాటాక ఆయన తన మ్యాక్ తెచ్చుకుని, పెద్ద మానిటర్ కేబుల్‌ని డాక్ నుంచి పీకి తన అడాప్టర్‌కి పెట్టుకుంటారు. పొద్దున్న మళ్లీ డాక్‌కి గుచ్చేసి పడుకుంటారు.

మొన్న సోమవారం సాయంత్రం ఆరున్నరకి అమెరికా క్లయింట్‌తో కాల్. ఈవిడ ఎప్పటిలాగే ఎడమ మానిటర్ మొత్తాన్ని షేర్ చేసి ఎక్సెల్ షీట్ చూపిస్తున్నారు. అంతలో కింద కుడి మూలన నోటిఫికేషన్ డబ్బా లేచింది. స్నేహితురాలి వాట్సాప్. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు: "రేపు నాలుగింటికి ఇంటర్వ్యూ ఫిక్స్, ప్యాకేజీ నేను మాట్లాడేశా, నువ్వు తగ్గకు." కాల్‌లో తొమ్మిది మంది ఉన్నారు, అందులో ఈవిడ మేనేజర్ ఒకరు. కాల్ అయ్యాక ఆయన "అంతా ఓకే కదా? వర్క్ ఎక్కువైందా?" అని మెసేజ్ పెట్టారు. ఈవిడ "ఓకే సర్" అని ఊరుకున్నారు.

ఇంట్లో సంగతి వేరే. భర్త "నాకెప్పుడూ ఇలా అవలేదే, నీకే ఎందుకవుతుంది" అన్నారట. ఈవిడ "నువ్వు కేబుళ్లు కెలకబట్టే" అన్నారట. అప్పటి నుంచి మూడు రోజులుగా పాలు, గ్యాస్, వాచ్‌మన్ తప్ప ఇద్దరి మధ్య వేరే మాట లేదు. ఇవి కాక చిన్న చిన్న బాధలు: భోజనం చేసి వచ్చేసరికి విండోలన్నీ ఒకే మానిటర్ మీద కుప్ప పడి ఉంటాయి, కొన్ని టాస్క్‌బార్‌లో ఉన్నట్టే ఉండి స్క్రీన్ మీద మాత్రం ఎక్కడా కనబడవు. "ఆ సోమవారం పొద్దున్నుంచే సిస్టం వింతగా ఉంది, గడియారం దగ్గరుండే చిన్న ఐకాన్లన్నీ ఎడమ మానిటర్‌లోకి వచ్చేశాయి, మౌస్ కుడి పక్కకి తోస్తే గోడకి కొట్టుకున్నట్టు ఆగిపోతోంది" అని కూడా ఒక వాక్యం రాశారు. అడిగినవి మూడు: నోటిఫికేషన్లన్నీ ఒక్క స్క్రీన్‌కే పంపే సెట్టింగ్ ఏదైనా ఉందా, తప్పు నాదా మావారిదా, మేనేజర్‌కి ఏం చెప్పాలి.

జవాబు:

ముందు ఆ వాక్యం గురించి మాట్లాడుకుందాం. మీరు విసుగులో ఏదో రాసేశారు కానీ అసలు సంగతంతా అందులోనే ఉంది. విండోస్ 11లో ఆ చిన్న ఐకాన్ల వరస మెయిన్ డిస్‌ప్లే (ఉన్న స్క్రీన్లలో ముఖ్యమైనదిగా సెట్టింగ్స్‌లో పెట్టింది) మీదే ఉంటుంది. రెండో మానిటర్‌లో టాస్క్‌బార్ కనబడుతుంది, గడియారం కనబడుతుంది (2021లో విండోస్ 11 వచ్చిన కొత్తలో ఆ గడియారం కూడా ఉండేది కాదు, జనం గోల చేస్తే 2022లో తెచ్చిపెట్టారు), ఐకాన్లు మాత్రం రావు. అంటే అవి ఎడమకి వచ్చాయంటే ఆ రోజు మీ మెయిన్ డిస్‌ప్లే ఎడమ మానిటర్ అయిందన్నమాట. నోటిఫికేషన్ డబ్బా లేచేది కూడా మెయిన్ డిస్‌ప్లే కింద కుడి మూలనే. ఇన్నాళ్లూ మీ మెయిన్ డిస్‌ప్లే కుడి పక్కన ఉన్న పెద్దది. వాట్సాప్‌లో ఏమొచ్చినా అక్కడే లేచి అక్కడే పోయేది, మీరు షేర్ చేసే ఎడమ మానిటర్ శుభ్రంగా ఉండేది. ఇన్నాళ్లూ మిమ్మల్ని కాపాడింది ఏ సెట్టింగూ కాదు, అలవాటు ఒకటి, కేబుళ్లు ఉన్నచోట ఉండటం ఒకటి.

మౌస్ గోడకి కొట్టుకోవడం కూడా ఇందులో భాగమే. విండోస్ దృష్టిలో మీ రెండు మానిటర్లూ ఒకే పెద్ద గచ్చు. మెయిన్ డిస్‌ప్లే పైన ఎడమ మూల సున్నా, సున్నా. అక్కడి నుంచి కుడికి వెళ్తే అంకెలు పెరుగుతాయి, ఎడమకి వెళ్తే మైనస్‌లోకి పోతాయి. ఏ మానిటర్ మీ టేబుల్ మీద ఏ పక్కన ఉందో దానికి తెలియదు, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని ఉండే ఆ రెండు డబ్బాల బొమ్మని బట్టి నమ్ముతుంది, అంతే. ఆ బొమ్మలో 24 అంగుళాలది కుడికి, 27 అంగుళాలది ఎడమకి మారిపోతే టేబుల్ మీద ఉన్న అంచు ఒకటి, కంప్యూటర్ అనుకునే అంచు ఒకటి అవుతుంది.

మరి ఎందుకు మారింది? పెద్ద మానిటర్ కేబుల్ రోజూ పీకి పెడుతున్నారన్నారు. డాక్ వెనక ఒకేలా ఉండే వీడియో పోర్టులు రెండు మూడు ఉంటాయి. తెల్లారి నిద్రకళ్లతో పెట్టే మనిషి పక్క పోర్టులో గుచ్చి ఉండొచ్చు. ఏ మానిటర్ ఏ పోర్టులో ఉందన్నదాన్ని బట్టి విండోస్ ఒక్కో అమరికని ఒక్కోటిగా గుర్తుపెట్టుకుంటుంది. పోర్టు మారితే ఇదేదో కొత్త అమరిక అనుకుని, మెయిన్ ఏది, కుడి ఏది, ఎడమ ఏది అన్నవి తనకి తోచినట్టు పెట్టేసే అవకాశం బాగా ఉంది.

కాబట్టి మీవారిది తప్పా అంటే, కేబుల్ వరకు ఔను. కానీ ఆయన మ్యాక్ మీ సెట్టింగ్స్‌ని మార్చదు, మార్చలేదు. మెయిన్ డిస్‌ప్లే ఏదన్న ఎంపిక మానిటర్‌లో ఉండదు, డాక్‌లోనూ ఉండదు, ఎవరి లాప్‌టాప్‌లో వాళ్లకే ఉంటుంది. ఆయన "నాకెప్పుడూ అవలేదు" అన్నదానికి కూడా కారణం తెలివి కాదు. మ్యాక్‌లో నోటిఫికేషన్ల సెట్టింగ్స్‌లో, డిస్‌ప్లేని మిర్రర్ చేసేటప్పుడో షేర్ చేసేటప్పుడో నోటిఫికేషన్లు రానివ్వాలా అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆపి ఉంటే స్క్రీన్ షేరింగ్‌లో డబ్బాలు లేవవు. ఆయన దాన్ని ఎప్పుడూ ముట్టుకుని కూడా ఉండరు. ఇది ఆయనకి చూపించండి, కాస్త తగ్గుతారు.

ఇక మీ మొదటి ప్రశ్న. నోటిఫికేషన్లన్నీ ఫలానా స్క్రీన్‌కే పోవాలి అనే సెట్టింగ్ విండోస్ 11లో విడిగా లేదు. వాట్సాప్ ఇక్కడ, మెయిల్ అక్కడ అని పంచడానికీ లేదు. విండోస్ 98 నుంచి ఒకటికంటే ఎక్కువ మానిటర్లు పెట్టుకునే వీలుంది, మ్యాక్‌లో అయితే 1987లో వచ్చిన మ్యాకింటాష్ 2 నుంచే ఉంది. ఇన్నేళ్లయినా ఈ సిస్టమ్‌లన్నీ ఒక స్క్రీన్‌ని ఇంటి పెద్దగా పెట్టుకుని ఉత్తరాలన్నీ ఆయన చేతికే ఇస్తాయి. లినక్స్ వాడేవాళ్లకి కేడీఈ, గ్నోమ్ అని రెండు రకాల డెస్క్‌టాప్‌లున్నాయి. కేడీఈలో ఆ డబ్బా ఏ మూల లేవాలో ఎంచుకునే వీలుంది, గ్నోమ్‌లో అదీ లేదు, ప్రైమరీ స్క్రీన్ పైన మధ్యలో వస్తుంది. మీకు ఆఫీసు వాళ్లిచ్చిన విండోస్ తప్ప వేరే దారి లేదు కాబట్టి అందులో ఏం చెయ్యొచ్చో చూద్దాం.

ఒకటి, లాప్‌టాప్ మూత తెరిచి పెట్టి, దాని సొంత స్క్రీన్‌నే మెయిన్ డిస్‌ప్లేగా చెయ్యడం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, లాప్‌టాప్ డబ్బా మీద నొక్కి, కింద మల్టిపుల్ డిస్‌ప్లేస్ తెరిచి, "మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే" అన్నదానికి టిక్ పెట్టాలి. అప్పుడు డబ్బాలన్నీ లాప్‌టాప్‌లోనే లేస్తాయి, మీరు బయటి మానిటర్లలో ఏది షేర్ చేసినా బాధ ఉండదు. మీరడిగినదానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే దారి ఇదే. కానీ దీని గొడవ దీనికుంది. మూత మూశారంటే ఆ స్క్రీన్ లేనట్టే, మెయిన్ హోదా మళ్లీ పెద్ద మానిటర్లలో ఒకదానికి పోతుంది. కొత్తగా తెరిచే ప్రోగ్రాములు చాలావరకు ఆ చిన్న స్క్రీన్ మీదే తెరుచుకుంటాయి, రోజుకి ఇరవై సార్లు పైకి లాక్కోవాలి. డెస్క్‌టాప్ ఐకాన్లు కూడా అక్కడికే దిగుతాయి. ఇంకోటి, లాప్‌టాప్ స్క్రీన్ స్కేలింగ్ (అక్షరాల్ని, బొమ్మల్ని ఎంత పెద్దవి చేసి చూపాలన్నది) 150 శాతం, బయటి మానిటర్ 100 శాతం అలా ఉంటుంది కాబట్టి ఒకదాన్నుంచి ఇంకోదానికి లాగినప్పుడు విండో ఉబ్బడమో ముడుచుకోవడమో చేస్తుంది. పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు మసకబారతాయి. నేనైతే ఇది వారం చేసి మానేశాను, మెడ నొప్పి.

రెండు, నోటిఫికేషన్ డబ్బాలు లేవకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్. ఇక్కడ చాలామంది మోసపోయే మెలిక ఒకటుంది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ కిందికి వెళ్తే, డు నాట్ డిస్టర్బ్ ఎప్పుడెప్పుడు తనంతట తాను ఆన్ అవ్వాలో ఒక పట్టిక ఉంటుంది: ఫలానా గంటల్లో, డిస్‌ప్లేని డూప్లికేట్ చేసినప్పుడు, గేమ్ ఆడుతున్నప్పుడు, ఏదైనా యాప్ ఫుల్ స్క్రీన్‌లో ఉన్నప్పుడు. అందులో రెండోది చూసి "మానిటర్ పెడితే అదే ఆపేస్తుందిలే" అనుకుంటారు. డూప్లికేట్ అంటే రెండు తెరల మీదా ఒకటే బొమ్మ, కాన్ఫరెన్స్ రూమ్ ప్రొజెక్టర్‌కి పెట్టినట్టు. మీరు వాడేది ఎక్స్‌టెండ్, అంటే రెండు తెరలూ కలిపి ఒకే పెద్ద గచ్చు. విండోస్ కీ, పీ కలిపి నొక్కితే ఏది నడుస్తోందో కనబడుతుంది. ఎక్స్‌టెండ్‌లో ఉన్నంతవరకు ఆ నియమం మిమ్మల్ని కాపాడదు. మీ ఎక్సెల్ షీట్ మామూలు విండోలో ఉంది కాబట్టి ఫుల్ స్క్రీన్ నియమమూ వర్తించలేదు. మీ కాల్ అమెరికాలో ఉన్న క్లయింట్‌తో కావచ్చు, కంప్యూటర్‌కి మాత్రం మీరొక ఎక్సెల్ తెరుచుకుని ఒంటరిగా కూర్చున్నట్టే లెక్క.

కాబట్టి కాల్‌కి ముందు చేత్తో ఆన్ చెయ్యాలి. గడియారం మీద నొక్కితే పైన గంట బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కితే చాలు. లేదా రోజూ ఆరు నుంచి ఎనిమిది దాకా అని టైమ్ పెట్టేయండి. దీనివల్ల నష్టం ఏంటంటే, ఆ రెండు గంటల్లో టీమ్‌లో ఎవరైనా "ఆ మూడో లైన్‌లో అంకె తప్పు" అని మీకు విడిగా పింగ్ చేసినా కనబడదు. ప్రయారిటీ జాబితాలో (డు నాట్ డిస్టర్బ్ ఉన్నా రానిచ్చే యాప్‌ల జాబితా) ఆఫీసు చాట్‌ని పెట్టుకుంటే అది వస్తుంది, కానీ వచ్చేది అందరికీ కనబడే అదే మూలన, మర్చిపోకండి. కాల్స్, రిమైండర్లు ప్రయారిటీలో ఉండాలా వద్దా అన్నదానికి విడిగా స్విచ్‌లున్నాయి, అవీ చూడండి. ఇంకో సంగతి: కొన్ని యాప్‌లు విండోస్ చేత డబ్బా వేయించుకోకుండా తమ సొంత డబ్బా గీసుకుంటాయి. వాటికి విండోస్ డు నాట్ డిస్టర్బ్‌తో పని లేదు. పాత అవుట్‌లుక్ రిమైండర్ అయితే ఏకంగా ఒక విండోగానే తెరుచుకుంటుంది. మిగతా విండోల పైకెక్కి కూర్చునే ఆప్షన్ కూడా దానికుంది, ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో చూసి తీసేయండి.

ఈ రిమైండర్ సంగతి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి నేను ఇరవై మందికి ట్రైనింగ్ ఇస్తుండగా తెర మధ్యలో "మామయ్య మోకాలి ఆపరేషన్ - డబ్బు సంగతి అన్నయ్యని అడగాలి" అని లేచింది. ట్రైనింగ్‌లో ఏం చెప్పానో ఎవరికీ గుర్తు లేదు. మామయ్య ఎలా ఉన్నారని మాత్రం ఏడాదంతా అడిగారు.

మూడు, స్క్రీన్ మొత్తం కాకుండా ఒక్క విండోనే షేర్ చెయ్యడం. నా ఓటు దీనికే. జూమ్ అయినా టీమ్స్ అయినా షేర్ నొక్కగానే స్క్రీన్లు ఒక పక్క, విండోలు ఒక పక్క చూపిస్తుంది. ఎక్సెల్ విండో ఒక్కటి ఎంచుకుంటే పైన వాట్సాప్ వచ్చినా, మెయిన్ డిస్‌ప్లే ఎటు మారినా, అవతలివాళ్లకి ఆ విండో తప్ప వేరేది పోదు. ఇబ్బంది లేదా అంటే ఉంది. మీరు షీట్ నుంచి బ్రౌజర్‌లోని డ్యాష్‌బోర్డ్‌కి వెళ్తారు కదా, మీరు వెళ్తారు గానీ వాళ్లు ఎక్సెల్ దగ్గరే ఉండిపోతారు. రెండు నిమిషాలు మాట్లాడాక ఎవరో ఒకరు "మాకింకా షీటే కనబడుతోంది" అంటారు. ఎక్సెల్‌లో రెండో ఫైల్ తెరిస్తే అది ఇంకో విండో, అదీ పోదు. మళ్లీ షేర్ ఆపి మార్చాలి. దీనికి నేను చేసేది, చూపించాల్సినవన్నీ వీలైతే ఒకే బ్రౌజర్ విండోలో ట్యాబులుగా పెట్టుకోవడం. షీట్‌ని కూడా బ్రౌజర్‌లోనే తెరవొచ్చు కదా. అప్పుడు ఒక్క విండో షేర్ చేస్తే అన్నీ అందులోనే ఉంటాయి. ఆ విండోలో వాట్సాప్ వెబ్ ట్యాబ్ ఉంచకండి, అది వేరే చెప్పక్కర్లేదు.

నాలుగోది దారి కూడా కాదు, కాస్త గట్టిగా చెప్తున్నాను, ఏమనుకోకండి. ఆఫీసు లాప్‌టాప్‌లో వాట్సాప్ ఎందుకండీ? పక్కనే ఫోన్ ఉంది. ఆఫీసు మెషీన్‌లో ఏమేం చూసే వీలు కంపెనీకి ఉంటుందో టీమ్ లీడ్‌కి నేను చెప్పక్కర్లేదు, అందులోనే వేరే ఉద్యోగం గురించి మాట్లాడుకుంటున్నారు! పిల్లాడి స్కూల్ గ్రూప్ కోసం తప్పదంటే కనీసం వాట్సాప్ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో ప్రివ్యూ తీసేయండి, మెసేజ్ వచ్చిందని తెలుస్తుంది, లోపలి సంగతి కనబడదు. విండోస్‌లో ఆ డబ్బా మామూలుగా 5 సెకన్లే ఉంటుంది. అయిదు సెకన్లలో "నువ్వు తగ్గకు" దాకా చదవొచ్చని మీకు ఇప్పుడు తెలుసు. చూపు సరిగ్గా ఆనని వాళ్ల కోసం యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో దాన్ని 5 నిమిషాల దాకా పెంచుకునే వీలు కూడా ఉంది, మీ లాప్‌టాప్‌లో ఎవరైనా పెంచారేమో ఓసారి చూడండి.

విండోలు కుప్పపడటం గురించి. మీరు భోజనానికి లేచినప్పుడు మానిటర్లు నిద్రపోతాయి, లేదా మీరే బటన్ నొక్కి ఆపుతారు. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ మీదున్న చాలా మానిటర్లు ఆగిపోగానే "నేను లేను" అని కంప్యూటర్‌కి చెప్పేస్తాయి. ఇల్లు కూలిపోయిందనుకుని విండోస్ అందులో ఉన్నవాళ్లందర్నీ మిగిలిన మానిటర్‌కి తరలిస్తుంది. మల్టిపుల్ డిస్‌ప్లేస్‌లోనే రెండు టిక్కులుంటాయి, మానిటర్‌ని బట్టి విండోల చోటు గుర్తుపెట్టుకోవడం ఒకటి, మానిటర్ పోతే అందులోని విండోల్ని మినిమైజ్ చెయ్యడం ఇంకోటి. రెండూ పెట్టి ఉంచండి, మానిటర్ తిరిగి రాగానే చాలావరకు ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు. ఇది కూడా అదే పోర్టులో అదే కేబుల్ ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. మళ్లీ కేబుల్ దగ్గరికే వచ్చాం చూడండి.

కనబడని విండో అంటే, లేని చోట తెరుచుకున్న విండో. కొన్ని ప్రోగ్రాములు మూసేటప్పుడు తాము ఎక్కడున్నామో అంకెల్లో రాసుకుంటాయి, ఎడమ మానిటర్ అయితే మైనస్ 1920 అలా. మర్నాడు ఆ మానిటర్ లేకపోయినా, ఎడమ కాస్తా కుడి అయినా, పాత అంకె దగ్గరికే పోయి చీకట్లో తెరుచుకుంటాయి. దానికి మౌస్‌తో కుస్తీ పట్టకండి. టాస్క్‌బార్‌లో దాని మీద నొక్కి, విండోస్ కీ, షిఫ్ట్ రెండూ పట్టుకుని కుడి బాణమో ఎడమ బాణమో కొడితే ఆ విండో పక్క మానిటర్‌లోకి దూకుతుంది. అదీ కాకపోతే ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, తర్వాత ఎమ్ నొక్కి, ఏదో ఒక బాణం ఒకసారి కొట్టి మౌస్ కదిపితే విండో మౌస్‌కి అతుక్కుని వచ్చేస్తుంది. ఈ రెండూ ఒక చీటీ మీద రాసి మానిటర్ కింద అంటించుకోండి, వారంలో వేళ్లకి అలవాటవుతుంది. ఎక్సెల్ ఎప్పుడూ ఈ సగంలో, మెయిల్ ఆ పావులో ఉండాలనుకుంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల పవర్‌టాయ్స్‌లో ఫ్యాన్సీజోన్స్ అని ఉచితంగా ఉంది, మీ ఐటీ వాళ్లు వేసుకోనిస్తే.

ఇప్పుడు కేబుల్ సంగతి, అంటే మీ ఇద్దరి సంగతి. మానిటర్ వెనక ఒకటికి మించి ఇన్‌పుట్‌లు ఉంటాయి, హెచ్‌డీఎమ్‌ఐ ఒకటి, డిస్‌ప్లేపోర్ట్ ఒకటి. మీ డాక్ కేబుల్ ఒకదాంట్లో శాశ్వతంగా ఉండనిచ్చి, ఆయన అడాప్టర్‌కి ఇంకో కేబుల్ కొని రెండోదాంట్లో పెట్టుకోమనండి. ఎవరు కూర్చుంటే వాళ్లు మానిటర్ మీద బటన్‌తో ఇన్‌పుట్ మార్చుకుంటారు, డాక్‌ని ముట్టుకునే పని ఉండదు. ఇందులోనూ ఒక చిక్కుంది: మీ కాల్ ఏడున్నర దాటి నడుస్తుండగా ఆయన పెద్ద మానిటర్ ఇన్‌పుట్ మార్చుకున్నారనుకోండి, కొన్ని మానిటర్లు మీ లాప్‌టాప్‌కి ఆ సంగతి చెప్పవు. అది ఇంకా తనదేననుకుని మీ లాప్‌టాప్ అందులో విండోలు తెరుస్తూనే ఉంటుంది, మీకేమో అక్కడ ఆయన మ్యాక్ కనబడుతుంటుంది. అలా అయితే విండోస్ కీ, పీ నొక్కి ఒకే స్క్రీన్‌కి మారిపోండి. లేదా కాల్ అయ్యేదాకా ఆ అరగంట ఆయన్ని హాల్లో కూర్చోమనండి. కేబుల్ కొనడం వద్దనుకుంటే ఉన్న కేబుల్‌కి ఎర్ర టేపు, డాక్‌లో దాని పోర్టు పక్కన ఎర్ర టేపు. పది రూపాయల పని. పొద్దున ఆరింటికి నిద్రకళ్లతో ఉన్న మనిషికి హెచ్‌డీఎమ్‌ఐ 1, 2 అన్న అంకెలు కనబడవు, ఎరుపు కనబడుతుంది. మీకు చీకటి పడ్డాక, ఆయనకి తెల్లారాక టేబుల్ చేతులు మారుతోంది, మధ్యలో ఒక్క మాట కూడా లేకుండా. నాకు కేబుల్ కంటే అదే పెద్దదిగా కనిపించింది, కానీ మీరు అడగలేదు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

మేనేజర్. క్లయింట్ గురించి భయపడకండి, వాళ్లకి ఆ తెలుగు రాదు, "ఇంటర్వ్యూ" అన్న ముక్క కనబడినా మీరెవరినో ఇంటర్వ్యూ చేస్తున్నారనుకునే వీలుంది. మీ మేనేజర్‌కి మాత్రం చదవడం వచ్చు, చదివారు కూడా. లేకపోతే ఆ మెసేజ్ పెట్టరు. ఇప్పుడు మీ ముందు మూడు దారులు. ఏమీ ఎరగనట్టు ఉండిపోవచ్చు, కొత్త ఉద్యోగం సంగతి ఇంకా మొదటి దశలోనే ఉంది, చేతిలో ఆఫర్ లేకుండా నోరు విప్పడం దేనికి అన్నది న్యాయమే. కానీ ఆయన ఈలోపు మీ పనిని ఇంకొకరికి నేర్పించడం మొదలుపెడితే, అప్రైజల్‌లో చెయ్యి బిగిస్తే, ఎందుకని అడిగే నోరు మీకుండదు. రెండోది, "అది నా ఫ్రెండ్ ఇంటర్వ్యూ సర్" అని సర్దేయడం. దీని జోలికి మాత్రం పోకండి, రేపు నిజంగా రాజీనామా పెట్టిన రోజు ఈ అబద్ధం కూడా దాంతో కలిపి గుర్తొస్తుంది, నోటీస్ పీరియడ్ మూడు నెలలూ అదే మనిషి కింద పని చెయ్యాలి. మూడోది, ఆయన "వర్క్ ఎక్కువైందా" అని తలుపు కొంచెం తెరిచి పెట్టారు కదా, అందులోంచి దూరడం. నిజంగా పని ఎక్కువైతేనో, జీతం దగ్గర అసంతృప్తి ఉంటేనో, "కాల్‌లో పర్సనల్ మెసేజ్ కనబడినందుకు సారీ సర్, ఇకపై అలా అవదు. మీరడిగారు కాబట్టి ఈ వారంలో ఒక పావుగంట మాట్లాడాలి" అనండి. ఇంటర్వ్యూకి వెళ్లారా లేదా అన్నది మీరు చెప్పక్కర్లేదు, ఆయనా అడగరు. దీని రిస్క్ ఏంటంటే, అక్కడ కూర్చున్నాక ఏం కావాలో మీకే స్పష్టంగా తెలిసి ఉండాలి. ఊరికే గోడు వెళ్లబోసుకోవడానికైతే వద్దు. మీరు వెళ్లిపోవాలనే గట్టిగా నిర్ణయించుకుని ఉంటే మొదటి దారే మేలు. ఉండటమా వెళ్లడమా అన్నది ఇంకా ఊగిసలాటలో ఉంటే మూడోది. మీ ఉత్తరంలో ఎక్కడా "వెళ్లిపోతాను" అని లేదు, "చూస్తున్నాను" అని ఉంది.

చివరగా ఒక పని. వచ్చే సోమవారం కాల్ దాకా ఆగకుండా రేపే మీకు మీరే ఒక మీటింగ్ పెట్టుకోండి. లాప్‌టాప్ నుంచి చేరి స్క్రీన్ షేర్ చెయ్యండి, ఫోన్ నుంచి కూడా అదే మీటింగ్‌లో చేరి అవతలివాళ్లకి ఏం కనబడుతుందో చూడండి. ముందు స్క్రీన్ మొత్తం, తర్వాత ఒక్క విండో, తర్వాత డు నాట్ డిస్టర్బ్ పెట్టి ఒకసారి. మూడింట్లోనూ ఎవరో ఒకరు మీకు వాట్సాప్ పంపుతూ ఉండాలి కదా, అందుకు మీవారిని పిలవండి. ఆ మెసేజ్‌లో ఏం రాయాలన్నది మాత్రం ఆయనకే వదిలేయండి.